యూనివర్సిటీ తరఫు పెద్దావిడ

జూలై 2

అత్తా,

ముందు కబురు చెప్పి తర్వాత కుశలం అడుగుతాను. పొద్దున్నుంచి ఎవరికైనా చెప్పాలని ఉంది. ఈ బిల్డింగులో చెప్పుకునే మనిషి లేదు.

మా విభాగానికి ఇంకో పోస్టు వచ్చింది. పంతుళ్లు కాబోయేవాళ్లకు పాఠాలు చెప్పడానికి ఆదివాసీ అధ్యాపకులనే తీసుకోవాలని యూనివర్సిటీ రాతపూర్వకంగా ఒప్పుకుంది. మా దగ్గర చదివే వాళ్లలో సగం మంది రేపు మన వైపు బడులకే వెళ్తారు. మన పిల్లల గురించి వాళ్లకు చెప్పడానికి ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే. ఎవరికి ఏ సందేహం వచ్చినా నా తలుపు తట్టి, "మీవాళ్లు ఇలా ఎందుకు చేస్తారండీ" అంటారు. నేనేమైనా మనవాళ్లందరి తరఫునా పెట్టిన మైకునా? ఇంకొక మనిషి వస్తే ఆ పక్క తలుపు కూడా తడతారు కదా.

చిక్కేమిటంటే, ప్రకటన ఇప్పటికి రెండుసార్లు వేశారు. ఒక్క దరఖాస్తూ రాలేదు. ఇది ఆఖరుసారి. ఈసారి కూడా ఎవరూ రాకపోతే ఈ పోస్టును మామూలు పోస్టుల్లో కలిపేస్తారు. మీటింగులో ఒకాయన, మేం చాటుగా రూళ్లకర్ర అంటాం, "వాళ్లలో అంత చదివినవాళ్లు లేరేమో" అన్నాడు. నేను టీ కప్పు కింద పెట్టి "ఉన్నారు" అన్నాను. ఎవరని అడిగి ఉంటే నా పని అయిపోయేది. అడగలేదు, బతికిపోయాను.

నువ్వు యూనిఫారాలు కుట్టడానికి కొలతల కోసం బడులన్నీ తిరుగుతావు. మనవాళ్లలో పీహెచ్‌డీ దాకా చదివి పాఠాలు చెబుతున్నవాళ్లు ఎక్కడైనా కనబడితే, ఈ కవర్లో పెట్టిన ప్రకటన వాళ్ల చేతికివ్వు. అంతే, ఇంకేం చేయనక్కర్లేదు.

గాలివానకు పడిన మన ఊరి ఫోను టవరు ఇంకా లేవలేదని మన బస్సు కండక్టరు చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ మా విద్యార్థులు బడులకు వెళ్లి పిల్లల ముందు పాఠం చెప్పి చూసే రోజులు మొదలయ్యాయి. వాళ్లను బస్సెక్కించి నేనూ వెంట వెళ్తున్నాను. సాయంత్రం గదికొచ్చేసరికి గొంతు బొంగురుపోతోంది. మావయ్య దగ్గు తగ్గిందా?

నీ పిచ్చుక

జూలై 9

పిచ్చుకా,

దేవుడికి దండం పెట్టుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నీకు మంచి జరగాలి. నీ ఉత్తరం మీ మావయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి మధ్యలో కునుకు తీశాడు. రెండోసారి లేచి కూర్చుని, "అయితే యూనివర్సిటీకి మనింటి సాయం కావాలన్నమాట" అని చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికని అడిగితే తెలియదన్నాడు. దగ్గు తగ్గింది, గొప్పలు తగ్గలేదు.

నాకు అర్థమైంది చెప్తాను, తప్పయితే సరిదిద్దు. యూనివర్సిటీకి ఒక మనిషి కావాలి. పేపర్లో వేసి రమ్మన్నారు. ఎవరూ రాలేదు. ఎలా వస్తారమ్మా? పేపర్లో వేస్తే మనం ఎవరింటికైనా భోజనానికి వెళ్తామా? మనిషి వచ్చి పిలిస్తే వెళ్తాం. అంత చదివినవాళ్లకు ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదా? నువ్వైనా చెప్పొద్దూ.

మనిషి దొరికింది. వాగు అవతల బడిలో ఒకటో తరగతికి చెబుతుంది, అందరూ పంతులమ్మ అంటారు. మనవాళ్లే. పేరు ముందు డాక్టర్ అని రాసుకునే చదువు చదివిందట. ఎందుకు రాసుకోలేదని అడిగాను. "రాసుకుంటే ఊళ్లోవాళ్లు నడుంనొప్పికి మందడుగుతారు" అంది. నా టేపు పట్టుకుని పిల్లల్ని తనే వరసలో నిలబెట్టింది. ఒక్కడూ కదలలేదు. ఇన్నేళ్లలో ఏ బడిలోనూ నాకు అంత త్వరగా కొలతలు అయిపోలేదు.

ఆమె చెప్పిన ముచ్చట ఒకటి రాస్తాను. వాళ్ల బడికి కొత్తగా ఒక కుర్ర పంతులు వచ్చాడు. చదువుకుని నేరుగా పట్నం నుంచి. మొదటి రోజు ఎర్ర పువ్వు పట్టుకుని "ఇది ఏ రంగు" అని పిల్లల్ని అడిగాడట. ఎవరూ నోరు విప్పలేదు. ఆకు చూపించాడు, ఆకాశం చూపించాడు. ఊహూ. మొద్దు పిల్లలు అనుకున్నాడు. సాయంత్రం ఒక పిల్ల ఇంటికెళ్లి నానమ్మతో, "పాపం, మా కొత్త సారుకు రంగులు తెలియవు. కనబడిన వాళ్లందరినీ అడుగుతున్నాడు. అందరి ముందూ చెబితే నొచ్చుకుంటాడని ఊరుకున్నాం" అందట.

నవ్వలేక చచ్చాను. నిజమే కదా, మన ఇళ్లలో తెలిసినదాన్ని ఎవరడుగుతారు? ఎదుటివాళ్లను ఎగతాళి చేయడానికైతే తప్ప. పంతులమ్మ పెద్ద చదువు చదివింది దీని మీదేనట.

ప్రకటన కాగితం ఊరికే చేతిలో పెట్టడం బాగుండదని ఇవ్వలేదు. ఆదివారం మీ మావయ్యా నేనూ వాళ్లింటికి వెళ్తున్నాం. ఆమె అత్తగారు గట్టి మనిషని విన్నాను. నా నీలం చీర ఇస్త్రీ చేయించాను.

దేవుడి దయ నీ వెంట ఉండాలి.
మీ అత్త

జూలై 14

అత్తా,

నీ ఉత్తరం మా పెద్ద మేడమ్‌కు, అంటే విభాగాధిపతికి, సగం చదివి వినిపించాను. రంగులు తెలియని సారు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఈమె కావాలి మనకు" అంది. నేను కారిడార్‌లో దాదాపు పరుగెత్తాను. ఈ వయసులో, చేతిలో జవాబు పత్రాల కట్టతో.

కానీ ఒక్క సంగతి. మీరు వెళ్లేది సంబంధం మాట్లాడటానికి కాదు. నువ్వు ప్రకటన ఇవ్వాలి, దరఖాస్తు గడువు చెప్పాలి, లేచి రావాలి. ఆమె దరఖాస్తు పెట్టాక కమిటీ ఇంటర్వ్యూ చేస్తుంది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను, మన సంగతులు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె మాట తీరు పక్కవాళ్లకు అర్థం కాకపోతే అర్థమయ్యేలా చెప్పడానికి నేను అక్కడ ఉండి తీరాలి. అందుకని ఎవరికీ ఏ మాటా ఇవ్వకు. మావయ్యను అసలు మాట్లాడనివ్వకు.

ఈ ఉత్తరం ఆదివారం లోపు నీకు అందదని తెలుసు. అయినా రాశాను.

పిచ్చుక

జూలై 15

పిచ్చుకా,

పని అయింది. కూర్చుని చదువు.

వెళ్లగానే పంతులమ్మ అత్తగారు మంచం వాల్చింది, మంచినీళ్లిచ్చింది. ఇస్తూనే "ఎవరి తాలూకు" అంది. మొదలుపెట్టాం. వాళ్ల పుట్టింటి నుంచి, మన వైపు నుంచి, ఇద్దరం ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెళ్లాం. మీ అమ్మ తరఫున కలిసింది. ఆవిడ మీ అమ్మకు అక్క వరస. అంటే నీకు పెద్దమ్మ. ఆవిడ కొడుకు నీకు అన్న, పంతులమ్మ నీకు వదిన. ఇంకేం, పరాయివాళ్లం కాకుండా పోయాం. అప్పుడు టీ పెట్టింది.

"మీ యూనివర్సిటీ వాళ్లకు మా కోడలు దేనికి" అని అడిగింది. చెప్పాను. "మంచివాళ్లేనా" అంది. మా మేనకోడలు అక్కడే ఉంది కదా అన్నాను. "ఆ పిల్ల సన్నబడిందా, లావైందా" అంది. సన్నబడిందన్నాను. "అయితే మంచివాళ్లు కాదు" అంది. మీ మావయ్య అందుకుని, నువ్వు చిన్నప్పటి నుంచీ అంతేననీ, పిచ్చుక అని పేరు అందుకే పెట్టామనీ చెప్పాడు. మాట్లాడింది ఆ ఒక్క మాటే, పనికొచ్చింది.

పంతులమ్మ గడపలో కూర్చుని వింటోంది. ఆఖర్న, "నాకూ వెళ్లాలనే ఉంది పిన్నీ. కానీ నా ఒకటో తరగతిని వదిలి రాను" అంది. అక్కడ ఆగిపోయింది బండి. నాకు దేవుడే గుర్తు చేశాడు. మీ విద్యార్థులు బస్సెక్కి బడులకు వెళ్తారని నువ్వే రాశావు కదా. అదే చెప్పాను. "నువ్వు వదిలి వెళ్లనక్కర్లేదమ్మా. వారంలో రెండు రోజులు అక్కడికి వెళ్లు. మిగతా రోజులు వాళ్లే బస్సులో నీ బడికి వస్తారు" అన్నాను. "యూనివర్సిటీ ఒప్పుకుందా" అని అత్తగారు అడిగింది. "వాళ్ల తరఫున నేను చెబుతున్నాను కదా వదినా" అన్నాను. ఆవిడ నా చేతిలో చెయ్యి వేసింది.

పంతులమ్మ అప్పటికప్పుడు దరఖాస్తు రాసింది. దస్తూరీ ముత్యాల్లా ఉంది.

ఎంత సంతోషంగా ఉందో. ఆ బస్సులు ఎప్పటి నుంచి వస్తాయో త్వరగా రాయి, బడి ముందు గుంతలు పూడ్పిస్తామంటున్నారు.

మీ అత్త

జూలై 24

అత్తా,

బస్టాండులో తొందరలో రాస్తున్నాను, కండక్టరు ఉత్తరం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

రెండు రోజులు ఇక్కడ, మిగతా రోజులు అక్కడ అని ఎవరు చెప్పారు నీకు? యూనివర్సిటీ తరఫున మాటివ్వడమేమిటి? నా తరఫున నేనే ఇవ్వలేను.

అంతకంటే పెద్దది ఇంకోటి జరిగింది. దరఖాస్తు వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. నిన్న మీటింగులో రూళ్లకర్ర అందరినీ మామూలుగా అడిగాడు, అభ్యర్థితో ఎవరికైనా బంధుత్వం ఉందా అని. నీ ఉత్తరం ముందురోజే చదివి ఉన్నాను. అబద్ధం చెప్పించే పెంపకమా నీది? "మా వదిన" అన్నాను. "సొంత అన్నగారి భార్యా?" "కాదండీ, వరసకు." "ఎప్పటి నుంచి పరిచయం?" "నేనింకా చూడలేదండీ." గదిలో అందరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. "పోనీ, మీవాళ్లలో మీకు బంధువు కాని చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా" అన్నాడు. నిజంగానే ఆలోచించాను అత్తా. చాలాసేపు. "వెతికితే అందరూ ఏదో ఒకటి అవుతారండీ" అన్నాను.

సాయంత్రానికి నన్ను తప్పించారు. రూలు రూలే అన్నారు. ఇక ఆ గదిలో నాకు కుర్చీ లేదు. పెద్ద మేడమ్ కూడా ఏం చేయలేకపోయింది. వదిన గురించి చెప్పేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? డ్రైవరు హారను కొడుతున్నాడు. ఉంటాను.

పిచ్చుక

జూలై 30

నా తల్లీ,

నీ ఉత్తరం చదివాక కుట్టుమిషను దగ్గరికి వెళ్లి కూర్చున్నాను గానీ కాలు ఆడలేదు. నా నోటి మూలంగా నీ ఉద్యోగం పోయింది. నిజం చెప్పినందుకు మనిషిని తీసేసే చోటు అది. కుర్చీ కూడా లేకుండా చేశారా? వాళ్ల మీద కోపం తెచ్చుకోకూడదని రెండుసార్లు ప్రార్థన చేశాను. రెండుసార్లూ మధ్యలోనే కోపం వచ్చింది.

నువ్వు ఇంటికి వచ్చేయి. దిగులు పడకు. మీ మావయ్య నీ కోసం ముందుగది ఖాళీ చేస్తున్నాడు. తన పాత రేడియోలన్నీ మోస్తున్నాడు, అడ్డం చెప్పలేదు, దాన్ని బట్టి అర్థం చేసుకో.

ఒక పని మాత్రం చేశాను. వాగు దాటి వెళ్లి పంతులమ్మకు చెప్పాను. "మా పిల్లను తీసేసిన చోటికి నువ్వు వెళ్లొద్దమ్మా. నేనిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. ఆమె సుద్దముక్క పట్టుకుని అంతా విన్నది. "తప్పించారనే రాసిందా" అని అడిగింది. అవునన్నాను. "సరే పిన్నీ" అంది. పిల్లల వైపు తిరిగి పాఠం అందుకుంది.

నీ అన్నం, నీ పక్క ఇక్కడ ఉన్నాయి. దేవుడు ఇంకో తలుపు తెరుస్తాడు.

అత్త

ఆగస్టు 3

అత్తా,

అయ్యో అత్తా, నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. ఇంటర్వ్యూ చేసే కమిటీలోంచి తప్పించారు, అంతే. బంధువు కదా, న్యాయంగా చూడనేమోనని. నా జీతం, నా గది, నా కుర్చీ అన్నీ ఉన్నాయి. తొందరలో రాసినది నా తప్పు. మావయ్యను రేడియోలు మళ్లీ లోపల పెట్టమను.

ఇప్పుడు నీ పని ఒక్కటే. ఇది అందిన వెంటనే, స్టవ్వు మీద ఏం ఉన్నా కట్టేసి, వాగు దాటు. ఇంటర్వ్యూ ఎనిమిదో తారీఖు. వదిన రాకపోతే ఆ రోజుతో ఈ పోస్టు పోయినట్టే, ఇంకో ప్రకటన ఉండదు. వచ్చినది ఆమె దరఖాస్తు ఒక్కటే. మళ్లీ చెబుతున్నాను, ఒక్కటే.

దీన్ని పోస్టులో వేయడం లేదు. కండక్టరుకు ఒట్టు పెట్టి ఇస్తున్నాను.

పిచ్చుక

ఆగస్టు 7

పిచ్చుకా,

కండక్టరు రెండు రోజులు సెలవు పెట్టి, ఇవాళ పొద్దున ఇచ్చాడు. ఒట్టు సంగతి అడిగితే, ఉత్తరం పారేయనని ఒట్టు గానీ ఎప్పుడిస్తాననేది అందులో లేదన్నాడు. స్టవ్వు కట్టేశాను, వాగు దాటాను. బడిలో పంతులమ్మ లేదు. ఆ కుర్ర పంతులు ఒకటో తరగతిలో కూర్చుని ఉన్నాడు. ఇంటికి పరుగెత్తాను.

"రాత్రి బస్సుకే వెళ్లింది" అంది అత్తగారు.

"ఇంటర్వ్యూకేనా వదినా?" అన్నాను.

"ఇంటర్వ్యూయో ఏమో. మా ఆడపడుచును ఎందుకు తీసేశారో మొహాన అడిగి వస్తానని వెళ్లింది. నువ్వు వెళ్లొద్దన్నావని నాకూ చెప్పింది, నేనే వెళ్లమన్నాను. ఇంటి పిల్లకు అన్యాయం జరిగితే చేతులు కట్టుకుని కూర్చుంటామా?"

అక్కడే గడప మీద కూర్చున్నాను. నీకు అన్యాయమేమీ జరగలేదని చెబితే ఆవిడ నా వంక చూసి, "మీ వైపు వాళ్లు ఉత్తరాలు రాయకపోతేనే మంచిది" అంది.

ఇది తిరుగు బస్సులో పంపిస్తున్నాను. రేపు ఆమె గదిలోకి వెళ్లకముందే నువ్వు చూసి చెప్పు తల్లీ. పోట్లాడకుండా ఆపు. నేను ఇక్కడ ప్రార్థనలో కూర్చుంటాను.

అత్త

ఆగస్టు 9

అత్తా,

నీ ఉత్తరం నాకు నిన్న సాయంత్రం అందింది, అంతా అయిపోయాక. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అభ్యర్థి బంధువు గనక ఆ రోజు నేను కారిడార్‌లోకి కూడా రాకూడదన్నారు. నా గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. గోడకు అవతల ఇంటర్వ్యూ గది. గొంతులు వినిపిస్తాయి గానీ మాటలు తెలియవు. ఆమె వచ్చిందో లేదో కూడా తెలియదు. కాసేపటికి కొత్త గొంతు ఒకటి, మన యాస. లేచి నిలబడ్డాను. గోడకు చెవి పెట్టాను. ఎవరైనా చూసి ఉంటే ఈసారి నిజంగానే ఉద్యోగం పోయేది.

తర్వాత పెద్ద మేడమ్ చెప్పింది ఇది.

రూళ్లకర్ర మొదలుపెట్టాడట. "మీ విద్యార్హతలు?"

"మీ చేతిలో కాగితంలో ఉన్నాయి కదండీ."

"ఎన్నేళ్లుగా బోధిస్తున్నారు?"

"అదీ ఉందండీ, రెండో పేజీలో."

బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు పెన్ను మూత పెట్టేశాడట. పొగరు అనుకున్నాడట. నేను ఉంటే ఇక్కడే అడ్డం వచ్చి చెప్పేదాన్ని, రూళ్లకర్ర తనకు తెలిసిన సంగతే అడుగుతున్నాడు, అందుకే ఆమె కాగితం చూసుకోమంటోందని. నేను గోడకు ఇవతల ఉన్నాను.

ఇక వదిన అందట, "మీవి అయితే నాదొకటి అడుగుతానండీ. ఇది నాకు నిజంగా తెలియక అడుగుతున్నాను. మా ఆడపడుచును ఎందుకు తీసేశారు?"

ఎవరికీ అర్థం కాలేదు. పెద్ద మేడమ్‌కే ముందు వెలిగింది. "తీసేయలేదమ్మా, పక్క గదిలోనే ఉంది" అంది.

"అయితే చూడొచ్చా?"

"ఇంటర్వ్యూ పూర్తయ్యేదాకా కుదరదు."

"అలాగైతే త్వరగా కానివ్వండి" అని కుర్చీ ముందుకు జరుపుకుందట. ప్రొఫెసరు పెన్ను మూత మళ్లీ తీశాడు. అప్పుడు పెద్ద మేడమ్, "ముందు అడిగిన వాటికి మీరెందుకు జవాబు చెప్పలేదో చెప్తారా? ఇది మాకూ తెలియక అడుగుతున్నాం" అంది. వదిన రంగులు తెలియని సారు ముచ్చట చెప్పి, "ఇందాక మీరడుగుతుంటే నేనూ మా పిల్లల్లాగే, ఎక్కువ చెబితే మీరు నొచ్చుకుంటారని కాగితం చూపించి ఊరుకున్నాను" అందట. ఈ గోడ ఇంత పలచనని నాకు ఇన్నాళ్లూ తెలియదు, అంత నవ్వు వినిపించింది. ఆ తర్వాత విద్యార్థుల ముందు పాఠం చెప్పమన్నారు. ఇరవై నిమిషాలు ఇస్తే గంట దాటింది. మధ్యలో గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఆమె బయటికి వచ్చాక నన్ను వదిలారు. కారిడార్ చివర నీళ్ల ఫిల్టరు దగ్గర నిలబడి సీసా నింపుకుంటోంది. నాకంటే పొట్టి అత్తా. ఇన్నాళ్లూ పొడుగు మనిషిని ఊహించుకున్నాను. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "సన్నగానే ఉన్నావు, పిన్ని అబద్ధం చెప్పలేదు" అంది. సీసా నిండి పొర్లిపోయేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

ఇప్పుడు అసలు సంగతి. ఆమెను తీసుకోవాలని అందరూ ఒక్కమాటగా అన్నారు. రూళ్లకర్ర కూడా. కానీ ఆమె పాఠం అయ్యాక, "మీ తరఫున ఒక పెద్దావిడ వచ్చి రెండు రోజులే అని మాటిచ్చారు, తర్వాత ఆవిడే వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఏ మాట నిలబడుతుంది?" అని అడిగింది. "మన తరఫున ఎవరు వెళ్లారు" అంటూ పెద్ద మేడమ్ నా గదికి వచ్చింది. మా అత్త అన్నాను. కోప్పడుతుందనుకున్నాను. "రెండు ప్రకటనలకు రాని మనిషిని తెచ్చింది, కానీ మనల్ని అడగకుండా ఇచ్చేసింది" అంది. నవ్వుతోందో లేదో చెప్పడం కష్టం.

వాళ్లు చివరికి ఒప్పుకున్నది ఇది. నాలుగు రోజులు యూనివర్సిటీలో ఉండాలి. శుక్రవారం మాత్రం మా విద్యార్థులు బస్సులో ఆమె బడికి వస్తారు. ఒక ఏడాది చూస్తారు. దీనికంటే ఒక్క రోజు కూడా తగ్గరు. వదిన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "మా అత్తగారు చెయ్యి కలిపింది పిన్నితో. వాళ్లిద్దరూ కూర్చుని తేల్చాలి" అని బస్సెక్కింది.

కాబట్టి ఇది నీ దగ్గరికే వచ్చింది. ఈ నెలాఖరు దాకా జవాబు కోసం చూస్తారు. నేను ఏ సలహా ఇవ్వను, నీకు ఇచ్చిన సలహా ఒక్కటీ సమయానికి అందలేదు.

నీ పిచ్చుక

ఆగస్టు 24

పిచ్చుకా,

నీ ఉత్తరం తీసుకుని వెళ్లాను. మీ మావయ్యను తీసుకెళ్లలేదు. నీలం చీర కూడా కట్టుకోలేదు, మామూలు చీరలోనే వెళ్లాను. వెళ్తున్నది తగ్గి మాట్లాడటానికి కదా.

మంచం వాల్చింది గానీ మంచినీళ్లు ఇవ్వలేదు. నిలబడే చెప్పాను. "వదినా, రెండు రోజులని నేనిచ్చిన మాట నాది కాదు. నాకు ఇచ్చే హక్కు లేదు. వాళ్లు నాలుగు రోజులంటున్నారు. నన్ను ఏమన్నా పడతాను, మా పిచ్చుకను మాత్రం కోప్పడకు" అన్నాను.

"సంబంధాలు కుదిర్చేవాళ్లు పిల్లాడి వయసు రెండేళ్లు తగ్గించి చెబుతారు. నువ్వు రోజులు తగ్గించావు" అంది. అని లోపలికి వెళ్లింది. ఇక పని చెడిందనుకున్నాను. చెంబుతో నీళ్లు తెచ్చింది.

పంతులమ్మ అప్పుడే బడి నుంచి వచ్చింది, వెనకాల ఆ కుర్ర పంతులు. "నా తరగతి ఇతనికి అప్పగించి వెళ్లాలి, అదే తేలడం లేదు" అంది. అత్తగారు అతన్ని ఎగాదిగా చూసి, "రంగులు తెలియనివాడికా?" అంది. అతను సిగ్గుపడలేదు. "ఇప్పుడు తెలుస్తున్నాయండీ. ఇన్నాళ్లూ అక్క తరగతి వెనక బెంచీలో కూర్చున్నాను. ఇంకా కొన్ని మిగిలాయి" అన్నాడు. పిల్లల భాషలోనే అన్నాడు. కొంచెం వంకరగా, కానీ మన భాషలోనే.

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "నువ్వు ఇక్కడే ఉంటే ఇలాంటి ఒక్కణ్ణి దారికి తెస్తావు. అక్కడ ఇలాంటివాళ్లు బస్సు నిండా ఉన్నారంట. నువ్వు వెళ్లకపోతే అందరూ ఒకేసారి వచ్చి మన పిల్లల మీద పడతారు. వెళ్లు" అంది.

పంతులమ్మ అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఏడుస్తూనే, "శుక్రవారం ఒక్కటీ ఎవరికీ ఇవ్వను" అంది. ఎవరూ అడగడం లేదే అంది అత్తగారు.

ఆ నాలుగు రోజులూ ఎక్కడ ఉంటుందని ఆవిడ అడిగింది. ఆడపడుచు గది ఉండగా ఆ ప్రశ్నేమిటి అన్నాను. నీ గదిలో మంచం ఒక్కటే ఉన్న సంగతి నాకు తెలుసు. మీ మావయ్య ఇంకో మడత మంచం బస్సు పైన కట్టిస్తున్నాడు. రేడియో కూడా ఒకటి పంపిస్తానంటే నేనే వద్దన్నాను.

మీ పెద్ద మేడమ్‌కు నా నమస్కారాలు చెప్పు. మళ్లీ ఎవరైనా కావలసి వస్తే ఈసారి ముందుగా ఆవిణ్ణి అడిగే మాటిస్తాను. పై ఊళ్లో ఇంకొక పిల్ల లెక్కల్లో ఏదో పెద్ద చదువు చదువుతోందని విన్నాను. ఏం వరస అవుతుందో ఇంకా అడగలేదు. కావాలనే అడగలేదు, మీ రూలు కోసం.

దేవుడి దయ మీ ఇద్దరి మీదా ఉండాలి. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, కండక్టరుకూ ఇవ్వడం లేదు. మీ వదిన చేతికే ఇస్తున్నాను. ఇది నీ చేతికి వచ్చిందంటే ఆమె నీ గుమ్మంలో నిలబడి ఉంది. చదవడం తర్వాత చూసుకుందువు గాని, ముందు ఆమె చేతిలో సంచీ అందుకో.

మీ అత్త